ఇబట్సన్ వారి ప్రవర

ఏప్రిల్ 3, గురువారం

మా ఆవిడ ఈ నోటుపుస్తకం తెచ్చి నా ముందు పడేసింది. "రోజూ అదే గోల నాకు చెప్పకండి. దీనికి చెప్పుకోండి, ఇది ఎదురు మాట్లాడదు" అంది. ముందు పేజీల్లో ఉగాదినాటి అర్చనల జాబితా ఉంది కాబట్టి వెనకనుంచి రాస్తున్నాను.

గోల ఏమిటో నాకు తెలుసు గాని, ఒకసారి రాస్తే వదులుతుందేమో. మార్చిలో ఫ్రిస్కోలో గృహప్రవేశం. సంకల్పానికి పేర్లు వాట్సాప్‌లో పంపారు. ఇంటి యజమాని తాతగారి పేరు సుబ్బయ్య. ఫోను తన తెలివితేటలు ఉపయోగించి సుబ్బయ్యగారిని సబ్‌వే అనే శాండ్‌విచ్ కొట్టు చేసింది. యజమానిని సబ్‌వేగారి పౌత్రుడని నేను మూడుసార్లు, స్వరం తప్పకుండా చదివాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతుంటే కొత్త ఇంటి సంతోషం అనుకున్నాను. ఆ వీడియోని ఇప్పటికి పదకొండు వేలమంది చూశారట.

వచ్చింది వచ్చినట్టు చదవడం నా పని. అయినా గుడి కమిటీ తీర్మానం చేసింది, ఇకమీదట ప్రతి పెళ్ళికీ పేర్లన్నీ ప్రెసిడెంటుగారు చూశాకే నేను చదవాలి. ప్రెసిడెంటు మల్లికార్జునరావుగారు. జూన్ ముప్పైతో నా వీసా అయిపోతుంది. పొడిగించాలంటే ఆయన సంతకం పెట్టిన లెటర్ కావాలి. అడిగితే, "మా అమ్మాయి పెళ్ళి కానివ్వండి పంతులుగారూ, చూద్దాం" అన్నారు. లెటర్ రాకపోతే మా అమ్మాయి కృతి పన్నెండో తరగతి ఇక్కడ చదవదు, అంతే కదా. నాకేం చింత లేదు.

ఏప్రిల్ 4

చింత లేదు. పెసరట్టు సగంలో వదిలేసింది అల్లం ఎక్కువైనందువల్ల.

ఏప్రిల్ 6, శ్రీరామనవమి

గొంతు పోయింది. స్వామివారి కల్యాణంలో ప్రవర చదవడం ఎంత హాయి. ఆయన తాతముత్తాతల పేర్లు ఎవరూ వాట్సాప్‌లో పంపరు.

ఏప్రిల్ 8, మంగళవారం

రావుగారి అమ్మాయి హంసిక, ఆమె చేసుకోబోయే అబ్బాయి వెస్లీ గుడికి వచ్చారు. హంసిక ఫార్మసిస్టు. వెస్లీ హైస్కూల్లో బ్యాండు మాస్టారు, ఆరడుగుల మీద మూడంగుళాలు. మా గుడి కాపెల్ ఊరి అవతల పళ్ళ డాక్టరుకీ కరాటే స్కూలుకీ మధ్య అద్దె గదుల్లో ఉంది కాబట్టి గుమ్మం దగ్గర తల వంచి రావలసి వచ్చింది. చెప్పులు విప్పి, జత సరిచేసి, అరమరలో పెట్టాడు. మనవాళ్ళు ఎవరూ జత సరిచెయ్యరు.

పెళ్ళి మే పదిహేడు, శనివారం. ఇక్కడ ముహూర్తాలన్నీ శని ఆదివారాలకే కుదురుతాయి, గ్రహాలకి కూడా వీకెండే.

నేను కాగితం తీసి, "బాబూ, మీ ముత్తాత, తాత, నాన్న పేర్లు చెప్పు. పెళ్ళిలో మూడుసార్లు పైకి చదవాలి" అన్నాను. గోత్రం గురించి బెంగ లేదు, తెలియనివాళ్ళందరినీ కశ్యప మహర్షి తన పిల్లలుగా చూసుకుంటాడు. మూడు పేర్లు మాత్రం ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి.

వెస్లీ హంసిక వైపు చూశాడు. హంసిక నేల వైపు చూసింది.

"పంతులుగారు, వెస్‌కి డాడ్ లేరు. ఐ మీన్, ఎవరో తెలీదు. వాళ్ళ మామ్‌కి కూడా డాడ్ లేరు. వాళ్ళ మీమాకి కూడా" అంది. మీమా అంటే అమ్మమ్మ అని నాకు తర్వాత తెలిసింది.

"మూడు తరాలూ?" అన్నాను. అలా అనకుండా ఉండవలసింది.

వెస్లీ నా పెన్ను తీసుకుని కాగితం మీద మూడు పేర్లు రాశాడు. ఐడా, ఓపల్, డార్లా. ముత్తమ్మమ్మ, అమ్మమ్మ, అమ్మ. ఇంటిపేరు అందరిదీ ఒకటే, ఇబట్సన్. తల్లులనుంచే వచ్చింది. "నన్ను పెంచింది వీళ్ళు. వేరే పేర్లు నా దగ్గర లేవు. ఇబ్బందయితే చెప్పండి, కోర్టులో సంతకం పెట్టేసి వచ్చేస్తాం. మీమాని నాలుగొందలమంది ముందు కూర్చోబెట్టి నవ్వులపాలు చెయ్యను" అన్నాడు. ఇంగ్లీషే గాని, మెల్లగా మాట్లాడాడు కాబట్టి అంతా అర్థమైంది.

వెళ్ళేటప్పుడు హంసిక వెనక్కి తిరిగి, "డాడీకి నేనే చెప్తాను, మీరు చెప్పకండి, ప్లీజ్" అంది. సరే అన్నాను. నేను చెప్పేవాణ్ణి కాదు, నాకు భయం.

ఏప్రిల్ 9

చెప్పిందట. రావుగారు ఆఫీసు మీటింగు మధ్యలో కారులోకి వెళ్ళి నాకు ఫోన్ చేశారు.

"చూడండి పంతులుగారూ. ప్లెయిన్స్‌బరోనుంచి మా పెదనాన్నగారి పిల్లలొస్తున్నారు, వైజాగ్ నుంచి మా ఆవిడ రాధారాణి వాళ్ళన్నయ్యొస్తున్నాడు. మా వైపు వేములపాటివారి ప్రవర ఘనంగా చదివి, అటు తిరిగి ఆడవాళ్ళ పేర్లు చదువుతారా? అసలు తండ్రే లేడని మైకులో చెప్పినట్టు కాదూ?"

"మరేం చెయ్యమంటారు?"

"జాన్, విలియమ్, రాబర్ట్. చదివెయ్యండి. ఇక్కడ ఎవడి తాతయినా వాళ్ళే. ఎవడు వెళ్ళి చెక్ చేస్తాడు? మీ లెటర్ డ్రాఫ్ట్ రెడీగా ఉంది. పెళ్ళిలో ఈ మూడు పేర్లూ సక్రమంగా వినపడితే సోమవారం సంతకం పెట్టేస్తా. వినపడకపోతే ఇంకో పంతులుగారిని చూసుకోవాలని కమిటీలో ఆల్రెడీ అంటున్నారు, తెలుసుగా."

నేను చూద్దాం అన్నాను. సరే అనలేదు. చూద్దాం అన్నాను.

ఏప్రిల్ 10

అగ్నిహోత్రుడి ముందు అబద్ధం చెప్పను. కానీ ఒకవేళ చెప్పవలసి వస్తే అచ్చంగా ఉండాలి. జాన్, విలియమ్, రాబర్ట్ అనేవి ఇబట్సన్ల ఇళ్ళలో పెట్టుకునే పేర్లేనా అన్నది కనుక్కోవాలి. ఇది కేవలం శాస్త్రం కోసం. రేపు లైబ్రరీకి వెళ్తాను.

ఏప్రిల్ 12, శనివారం

ఇంగ్లీషువాళ్ళ ఇంటిపేర్ల నిఘంటువు ఇంటికి తెచ్చాను. పీటంత ఉంది. మా ఆవిడ దాన్ని చూసి, "ఏం, ఇంగ్లీషువాళ్ళకి కూడా ముహూర్తాలు పెట్టబోతున్నారా?" అంది.

నేను ఇన్నాళ్ళూ అనుకున్నది ఏమిటంటే, ఇంటిపేర్లు మనకే ఉన్నాయి, వీళ్ళకి ఉన్నవి సంతకానికి తోకలు. ఎంత పొరపాటు. రావుగారన్న మాట మాత్రం సగం నిజం. వెయ్యేళ్ళ కిందట ఫ్రాన్సు ఒడ్డునుంచి నార్మన్లనే దొరలు వచ్చి ఇంగ్లండుని పట్టుకున్నారు. అప్పటిదాకా అక్కడివాళ్ళకి గాడ్విన్, లియోఫ్రిక్, ఎల్ఫ్రిక్ అని నోరు తిరగని పేర్లుండేవి. మూడు నాలుగు తరాల్లో అవన్నీ పోయాయి. అందరూ దొరల పేర్లే పెట్టుకున్నారు, విలియమ్, రాబర్ట్, రిచర్డ్, ఆ తర్వాత జాన్. వీధిలో నిలబడి "విలియమ్" అని పిలిస్తే సగం వీధి తిరిగి చూసేది. మా ఊళ్ళో వెంకటేశ్వర్లు అని పిలిచినట్టే.

మరి మా ఊళ్ళో ఏం చేశాం? నల్ల వెంకటేశ్వర్లు, మిల్లు వెంకటేశ్వర్లు, చెరువుగట్టు వెంకటేశ్వర్లు. వాళ్ళూ అదే చేశారు. తండ్రి పేరు ఒకడికి, ఉండే చోటు ఒకడికి, చేసే పని ఒకడికి, ఊళ్ళోవాళ్ళు పెట్టిన ఎగతాళి ఇంకొకడికి. పన్నులు రాసుకునే గుమాస్తాలు వాటిని ఎక్కించేశారు, అవి కొడుకులకీ మనవలకీ అతుక్కుపోయాయి. డ్రింక్‌వాటర్ అని ఒక ఇంటిపేరుంది. మద్యం ముట్టనివాడో, కొనుక్కునే తాహతు లేనివాడో తెలియదని పుస్తకం రాసింది. వాడి మునిమనవడు బ్యాంకు మేనేజరై ఎంత తాగినా మంచినీళ్ళే.

ఏప్రిల్ 13

పొద్దున అభిషేకం మధ్యలో కూడా అదే ఆలోచన. పాలు రెండుసార్లు పోశాను. ఎవరూ గమనించలేదు, స్వామి కూడా ఏమీ అనలేదు.

ఏప్రిల్ 15, మంగళవారం

మా పక్క పళ్ళ డాక్టరు పేరు టక్కర్. గుడికి ఇన్సూరెన్సు చేసినాయన ఫుల్లర్. కరాటే మాస్టారు వాకర్. ముగ్గురి ఇంటిపేర్లకీ మూలం ఒకే పని. నేసిన ఉన్నిబట్టని తొట్టిలో వేసి, నీళ్ళు పోసి, చిక్కబడేదాకా కాళ్ళతో తొక్కేవాళ్ళు. దేశంలో ఒక మూల ఆ పనివాణ్ణి టక్కర్ అన్నారు, ఇంకో మూల ఫుల్లర్, ఉత్తరాన వాకర్.

మనసు ఉండబట్టలేక, చెత్త పడేసే చోట డాక్టరుగారు కనపడితే చెప్పాను. ఆయనా కరాటే వాకరూ దాయాదుల్లాంటి వాళ్ళని, ఇద్దరి ఇళ్ళలోనూ పిల్లల్ని ఇచ్చిపుచ్చుకునే ముందు ఆలోచించుకోవాలని. ఒకే ఇంటిపేరైతే మనం సంబంధం కలపం కదా, అదే అలవాటులో నోరు జారింది. ఆయన చెత్తడబ్బా మూత వేసి, "నాకు పిల్లల్లేరు" అన్నాడు. పళ్ళు ఒకసారి చూపించుకోమని కార్డు ఇచ్చాడు.

ఏప్రిల్ 17

ముద్దుపేర్లు. వీటి దగ్గరే మనసు చిక్కుకుంది. రాబర్టుని ఇంట్లో హాబ్ అనీ డాబ్ అనీ పిలిచేవారు. రోజర్ని హాడ్జ్. రిచర్డుని హిక్, డిక్. పిల్లవాడు పుట్టాక వాడు హాబ్సన్, డాబ్సన్, హాడ్జ్‌సన్, డిక్సన్. సన్ అంటే కొడుకు. సుబ్బలక్ష్మిని సుబ్బులు చేసినట్టే. వంటింట్లో పిలుచుకునే పేర్లు రాజుగారి పత్రాల్లోకి ఎక్కాయి.

మా ఆవిడకి చదివి వినిపించాను. చింతపండు పిసుకుతూ వింది. "బావుంది. మరి ఇబట్ అంటే ఎవరు?" అంది.

ఇంకా ఆ అక్షరం దగ్గరికి రాలేదన్నాను. నిజానికి మొదటిరోజే చూడవచ్చు. చూస్తే ఏదో ఒకటి తేల్చుకోవలసి వస్తుందని ముందు మిగతా పేర్లన్నీ చదువుతున్నాను.

ఏప్రిల్ 18

చూశాను.

ఏప్రిల్ 19, శనివారం

ఇబట్ ఒక ఆడది.

ఇసబెల్ అనే పేరుని ఇబ్ అనేవారు, ఇంకాస్త గారంగా ఇబట్. ఇబట్సన్ అంటే ఇబట్ కొడుకు. ఒక్క ఇబట్సనే కాదు. మటిల్డాని టిల్లట్ అంటే కొడుకు టిల్లట్సన్. మార్గరెట్‌ని మెగ్ అంటే కొడుకు మెగ్సన్. ఎమ్మా పిల్లలు ఎమ్మెట్లు. విధవరాలి కొడుక్కి విడోసన్ అనే ఇంటిపేరుంది. ఆ మాటని మన దగ్గర తిట్టుగా వాడతాం, వాళ్ళు తలుపు మీద బోర్డు రాసి బిగించుకున్నారు.

ఎందుకు తల్లిపేరు వచ్చిందంటే పుస్తకం గట్టిగా చెప్పదు. భర్త పోయి ఉండవచ్చు. భర్త ఎవరో ఊరికి తెలియకపోయి ఉండవచ్చు. లేదా ఊళ్ళో మొగుడికంటే ఆవిడకే ఎక్కువ పేరుండవచ్చు. బేకర్ అంటే రొట్టెలు కాల్చేవాడు, బాక్స్టర్ అంటే మొదట్లో రొట్టెలు కాల్చే ఆడమనిషి. వెబ్‌స్టర్ నేత నేసే ఆడమనిషి.

అచ్చమైన అబద్ధం చెప్పడానికి వెళ్ళి నిజం తెచ్చుకున్నాను. మా నాన్న ఉంటే, పనికిమాలిన చదువు అనేవారు.

ఏప్రిల్ 20, ఆదివారం

హంసిక నన్నూ మా ఆవిడనీ వెస్లీ అమ్మమ్మగారి ఊరు కోర్సికానాకి తీసుకెళ్ళింది, దక్షిణంగా గంటన్నర. నేనే అడిగాను. పెళ్ళికి ముందు వరుడి పెద్దలని చూడటం పురోహితుడి ధర్మం అని చెప్పాను. అలాంటి ధర్మం ఏదీ లేదు.

ఓపల్‌గారికి ఎనభై రెండు. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. తెల్లజుట్టు, మగవాళ్ళ గడియారం, గొంతు నాకంటే పెద్దది. కూతురు డార్లా పక్కనే ఉంది, ఎక్కువ మాట్లాడదు. నిమ్మరసం ఇచ్చారు.

"నువ్వేనా నా పేరు చదవనంటున్న పూజారివి?" అంది ఓపల్‌గారు.

చదవనని అనలేదన్నాను. చదువుతానని కూడా అనలేదు.

"మా ఇంట్లో మగవాళ్ళు నిలవరయ్యా, పేరు నిలుస్తుంది. స్కూల్లో, ఉద్యోగంలో, ఆసుపత్రిలో ఎక్కడ కాగితం ఇచ్చినా తండ్రి పేరని ఒక గడి. ఆ గడిలో నేను గీత గీస్తాను. మా అమ్మ ఐడా గీసింది. ఇది గీసింది" అంటూ డార్లాని చూపించింది. "పిల్లాడి పెళ్ళిలో ఆ గీతని మైకులో చదువుతారంటే రాను. వాణ్ణి వెళ్ళి చేసుకోమను, నేను ఇక్కడే ఉండి కేకు పంపిస్తాను."

నేను పుస్తకం విప్పి ఆ పేజీ చూపించాను. నా ఇంగ్లీషులో చెప్పాను, హంసిక దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది. మీ ఇంటిపేరు మగవాడిది కాదు, ఇసబెల్ అనే ఒక తల్లిది, ఆరేడు వందల ఏళ్ళ కిందటిది అని.

ఓపల్‌గారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. తర్వాత సోఫా కదిలేలా నవ్వింది. "అంటే ఏడొందల ఏళ్ళుగా ఇదే కథా మా ఇంట్లో?" అంది. నవ్వుతూనే కళ్ళజోడు తీసి తుడుచుకుంది. డార్లా లేచి వంటింట్లోకి వెళ్ళింది, చాలాసేపు రాలేదు. నేను గ్లాసు ఎత్తి గటగటా తాగేశాను. నిమ్మరసం పుల్లగా ఉంది.

బయల్దేరుతుంటే ఓపల్‌గారు, "నా పేరు ఎలా పలుకుతావో ఒకసారి అను" అంది. అన్నాను. "ఓ మీద కాస్త నిలబడు" అని సరిచేసింది. ఇరవై ఏళ్ళ సర్వీసులో నా ఉచ్చారణని సరిచేసిన మొదటి మనిషి.

ఏప్రిల్ 22

రావుగారికి చెప్పాలి. రేపు చెబుతాను.

ఏప్రిల్ 23

ఆయన బిజీ.

ఏప్రిల్ 24

నేను బిజీ.

ఏప్రిల్ 27, అమావాస్య

తర్పణం వదులుతూ ఆగిపోయాను. నాన్న, తాత, ముత్తాత అయ్యాక, అమ్మ, నానమ్మ, నానమ్మకి అత్తగారు. మూడు తరాల ఆడవాళ్ళ పేర్లు. ప్రతి అమావాస్యకీ చెబుతున్నాను, ఈ నోటితోనే. మంత్రాల్లో ఆడవాళ్ళ పేర్లకి చోటు లేదని ఎవరన్నారు? ఉంది. కాకపోతే పోయాక.

శాతవాహన రాజులు మనవాళ్ళే. గౌతమీపుత్రుడు, వాసిష్ఠీపుత్రుడు అని రాళ్ళ మీద తల్లులని చెక్కించుకున్నారు. రాజులు చెక్కించుకుంటే బిరుదు, బస్సు నడిపే ఆవిడ మనవడు చదివించుకుంటే నవ్వులపాలు.

ఇదంతా రావుగారికి చెబితే ఏమంటారో మనసులో ఊహించుకున్నాను. నా వాదనకి ఆయన నోట మాట రాలేదు. మనసులో నేను గొప్ప వాదిని.

మే 6, మంగళవారం

రావుగారు పేర్ల పట్టిక టైపు చేసి పంపారు. వరుడి వైపు జాన్, విలియమ్, రాబర్ట్. కింద "చూశారుగా?" అని ఉంది. "చూశాను" అని పంపాను.

అబద్ధం కాదు. చూశాను.

హంసిక ఫోన్ చేసి, "మీరు ఏం చదువుతారు పంతులుగారు?" అని అడిగింది. మంత్రం అన్నాను. తను ఫోన్ పెట్టేసింది. ఆ అమ్మాయికి నా మీద నమ్మకం లేదు, నాకూ లేదు.

మే 14

మా ఆవిడ రెండు పెద్ద సూట్‌కేసులు గ్యారేజీలోంచి తీసి, దులిపి, హాల్లో పెట్టింది.

"ఇవెందుకు?"

"ఎందుకైనా మంచిది. మీరు ఏం చదవబోతున్నారో మీకంటే ముందు నాకు తెలిసిపోయింది. ఆ ముసలావిడ ఇంటినుంచి వచ్చేటప్పుడే తెలుసు."

"కృతి చదువు?"

"దానికీ చెప్పాను. అక్కడ మాత్రం స్కూళ్ళు లేవా అంది, మూడు రోజులు ఏడ్చి."

మూడు రోజులు పిల్ల ఏడుస్తుంటే నాకు తెలియలేదు. ఇంగ్లీషువాళ్ళ ముద్దుపేర్లు చదువుకుంటున్నాను.

మే 16

చింత ఉంది.

మే 18, ఆదివారం

నిన్న పెళ్ళయింది. వరసగా రాయాలి, లేకపోతే నాకే నమ్మకం ఉండదు.

ఫ్రిస్కోలో హాలు, నాలుగొందల పైచిలుకు జనం. ఎదురుగా మొదటి వరసలో ఓపల్‌గారు పసుపుపచ్చ గౌనులో, ఆవిడ పక్కన డార్లా, మా ఆవిడ కట్టిపెట్టిన చీరలో. వెస్లీ పంచె గట్టిగానే నిలబడింది. రావుగారు పట్టుపంచెలో, చేతికి బంగారు కడియంతో, నా పక్కనే.

ప్రవర దగ్గరికి వచ్చింది. ముందు వరుడి వైపు. నా చేతిలో రావుగారు టైపు చేయించిన కాగితం ఉంది. మైకు దగ్గర పెట్టుకుని చూశాను. ఆ మూడు పేర్లతో నాకు ఏ శత్రుత్వమూ లేదు. కానీ నోరు తెరిస్తే అవి రాలేదు. కాగితం కింద పెట్టాను.

ఐడా నామ్న్యాః నప్త్రే, ఓపల్ నామ్న్యాః దౌహిత్రాయ, డార్లా నామ్న్యాః పుత్రాయ. ఇబట్సన్ వంశోద్భవాయ. ఓ మీద నిలబడ్డాను.

మొదటిసారి చదివినప్పుడు ఎవరికీ అర్థం కాలేదు, వీడియోవాళ్ళు కూడా టిఫిన్ల వైపు చూస్తున్నారు. రెండోసారికి ప్లెయిన్స్‌బరో చుట్టాల్లో గుసగుస. మూడోసారికి అందరూ మా వైపు తిరిగారు. ఓపల్‌గారు తన పేరు వినపడ్డ ప్రతిసారీ స్కూల్లో హాజరు పలికినట్టు చెయ్యి కొంచెం ఎత్తింది. ఎవరూ నవ్వలేదు.

రావుగారి ముఖం కందగడ్డ. నా చెవి దగ్గర, "ఇక సర్దుకోండి పంతులుగారూ" అన్నారు. సరేనన్నాను. నిజంగానే సరే అనిపించింది. ఏడు వారాల తర్వాత కడుపులో ఆకలి తెలిసింది.

వధువు వైపు మొదలుపెట్టబోయాను. అప్పుడు రావుగారి భార్య రాధారాణిగారు, ఇన్ని రోజుల్లో నాతో పది మాటలు మాట్లాడని ఇల్లాలు, కొంగు సర్దుకుని, "పంతులుగారూ, ఒక్క నిమిషం. మా వైపు కూడా ఆడవాళ్ళవి చదవండి. మగవాళ్ళవి ఎలాగూ చదువుతారు, వాటి తర్వాత" అన్నారు. నా మైకు ఆవిడకి దగ్గరగానే ఉంది. నాలుగొందలమందికీ వినపడింది.

హంసిక తల ఎత్తి వాళ్ళమ్మని చూసింది. రావుగారికి నవ్వక తప్పలేదు. "చదవండి, చదవండి, దానికేముంది" అన్నారు.

"అమ్మ పేరు రాధారాణి. నానమ్మ పేరు?" అన్నాను.

"ఛాయాదేవి, మా అత్తగారు" అన్నారు రాధారాణిగారు.

"ఆవిడ అత్తగారి పేరు?"

రాధారాణిగారు భర్త వైపు తిరిగారు. "మీ నానమ్మ పేరేంటండీ?"

రావుగారు నోరు తెరిచారు. తెరిచినట్టే ఉంచారు. "నానమ్మ" అన్నారు.

"నానమ్మే. పేరు?"

ఆయన చుట్టాల వైపు చూశారు. ప్లెయిన్స్‌బరో అన్నయ్య లేచి, "కాంతమ్మ కదరా?" అన్నాడు. "కాంతమ్మ మేనత్త" అంది ఇంకెవరో. మూడో ఆయన ఫోన్ తీసి వైజాగ్‌కి చేశాడు. అక్కడ ఎత్తినవాళ్ళు కూడా పక్కవాళ్ళని అడుగుతున్నారు. ముహూర్తం దాటిపోతోంది. ఏడు తరాల వేములపాటి మగవాళ్ళ పేర్లు ఫ్రేము కట్టించి ఇంట్లో హాల్లో పెట్టుకున్న మనిషి, కడియం వేలితో తిప్పుతూ నిలబడిపోయారు. నాకు ఆయన మీద కోపం ఉండవలసింది, అప్పటికి లేదు.

ఆగడానికి వీల్లేదు. మగవాళ్ళవి చదివాను. తర్వాత ఆడవాళ్ళవి. ముత్తవ్వ పేరు రావలసిన చోట ఏమీ అనకుండా ఒక ఊపిరి వదిలి, నామ్న్యాః నప్త్రీం అని ముందుకు వెళ్ళాను. మూడుసార్లూ అలాగే. ఇన్నేళ్ళలో నేను చదవకుండా చదివిన పేరు అదొక్కటే.

మే 19, సోమవారం

సోమవారం సంతకం అన్నారు. ఎవరూ రాలేదు. సూట్‌కేసులు హాల్లోనే ఉన్నాయి. కృతి వాటి మీద కాళ్ళు పెట్టుకుని హోంవర్క్ చేసుకుంటోంది.

మే 20, మంగళవారం

సాయంత్రం గుడి మూసే ముందు రావుగారు వచ్చారు, ఒక్కరే. లోపలికి రాకుండా చెప్పుల అరమర పక్కన బెంచీ మీద కూర్చున్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. క్షమించమని అడుగుదామనుకున్నాను, ఆయనే మొదలుపెట్టారు.

"మూడు రోజులుగా అందరికీ ఫోన్లు చేశాను పంతులుగారూ. ఇండియాలో, ఇక్కడ, ఆస్ట్రేలియాలో. ఎవరికీ తెలీదు. పొలం కాగితాల్లో తాతయ్య పేరే ఉంది. ఫోటో ఉంది, వెనక ఏమీ రాసి లేదు. ఎనిమిదేళ్ళు ఆవిడ చేత్తో అన్నం తిన్నాను నేను."

"ఊళ్ళోవాళ్ళు?"

"మునసబుగారి భార్య అనేవాళ్ళు. పనివాళ్ళు అమ్మగారు అనేవాళ్ళు. మేం నానమ్మ."

"తాతగారు ఏమని పిలిచేవారు?"

రావుగారు తల ఎత్తారు. గుర్తొచ్చినట్టు ముఖం కొంచెం వెలిగింది, వెంటనే ఆరిపోయింది.

"ఏమే అనేవాడు" అన్నారు.

పక్కన కరాటే పిల్లలు అరుస్తున్నారు. కాసేపటికి ఆయన జేబులోంచి లెటర్ తీసి, నా పెన్నే అడిగి, మోకాలి మీద పెట్టుకుని సంతకం పెట్టారు. "ఆ ముసలావిడ చెయ్యెత్తింది చూశారా?" అన్నారు. చూశానన్నాను. ఆయన జత సరిచేసుకోకుండానే చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

ఇంటికి వచ్చాను. లెటర్ టేబుల్ మీద పెట్టాను. వంటింట్లో పోపు చిటపటలాడుతోంది. పిలుద్దామని నోరు తెరిచి, ఎప్పుడూ పిలిచే పిలుపు నాలుక చివరిదాకా వచ్చాక ఆపుకున్నాను.

"శశికళా" అన్నాను.

పెళ్ళయి ఇరవై రెండేళ్ళయింది, ఇదే మొదటిసారి. పోపు చప్పుడు ఆగింది. గరిటె చేత్తో పట్టుకుని, ముఖం పాలిపోయి, పరుగున వచ్చింది.

"ఏమైందండీ? ఎవరు పోయారు?" అంది.